నిండుకుంది

మా అక్క మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉంటుంది. కొత్తవాళ్ళతో ఈ మాట అంటే ముందు నవ్వుతారు. తరవాత నా ముఖం చూసి, ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియక దిక్కులు చూస్తారు.

గుంటూరు దాటాక పేట రోడ్డులో ఉందది. ఒకప్పుడు రైతులు ధర వచ్చేదాకా మిరపకాయ టిక్కీలు, అదే బస్తాలు, దాచుకున్న కట్టడం. ఇప్పుడు ఆ అరల్లో కంప్యూటర్లు పెట్టారు. రెంటికీ కావలసింది చల్లదనమే. టిక్కీలు పోయి ఏళ్ళు గడిచినా గోడల్లోంచి ఘాటు పోలేదు. లోపలికి అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ తుమ్ముతారు. ఆ తుమ్ముల మధ్య, గాజు తలుపు వెనక, చిన్న బీరువా అంత పెట్టెలో మా అక్క ఉంటుంది.

అక్క పేరు సుభాషిణి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంకు ఆపరేటరుగా చేసింది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫోను కలవాలంటే ఆపరేటరు కలిపితేనే కలిసే రోజులవి. మూడు నిమిషాలు కాగానే మాటల మధ్యలోకి వచ్చి, "మూడు నిమిషాలు అయినాయండీ, పొడిగించమంటారా?" అని అడిగేది. ఇంట్లో కూడా ఆ గొంతు వదిలేది కాదు. నేను ఏదన్నా సాగదీసి చెబుతుంటే ఆ ముక్కే అని నా నోరు మూయించేది.

ఆమె పోయి రెండేళ్ళు దాటింది. మూత్రపిండాలు పాడైన చివరి రోజుల్లో, డయాలిసిస్ లేని పూటల్లో, నెత్తిమీద తీగల టోపీ పెట్టుకుని గంటలకొద్దీ కూర్చుని మాట్లాడేది. ఆ టోపీ తయారుచేసింది ఆమె కూతురు హిమబిందు. జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేస్తుంది. బిందు చేసిన యంత్రం పేరు నెమరు. అక్క ఏం చెప్పిందన్నది దానికి ముఖ్యం కాదట. ఒక సంగతి నుంచి ఇంకో సంగతికి ఆమె మనసు ఎట్లా దూకుతుంది, దేన్ని తలుచుకుంటే ఏది వెంట వస్తుంది, ఆ దారులన్నీ అది నేర్చుకుంది. మనిషి ఆగిపోయాక కూడా ఆ తలుచుకోవడం ఆగలేదు.

నేను మొదట నమ్మలేదు. రికార్డు వేసి వినిపిస్తారనుకున్నాను. మొదటిరోజు మైకు ముందు కూర్చుని, ముందు దగ్గాను.

"ఏమే తోకా, మళ్ళీ ఐసుపుల్ల తిన్నావా?" అంది అక్క.

తోక నేనే. చిన్నప్పుడు ఆమె ఎక్కడికి వెళ్తే అక్కడికి వెంటబడేదాన్ని. ఆమె ఉద్యోగంలో చేరిన రోజు ఎక్స్ఛేంజీ గేటు దాకా వెళ్ళి, గూర్ఖా తరిమితే ఏడ్చుకుంటూ తిరిగొచ్చాను. నా అసలు పేరు కనకవల్లి అని రేషను కార్డుకి తప్ప ఎవరికీ తెలియదు.

నాకు ఎవరినన్నా సాగనంపడం చేతకాదు. రైలు కదలకముందే ప్లాట్‌ఫారం దిగి వచ్చేసే మనిషిని. అమ్మ పోయినప్పుడు నేను బస్సులో ఉన్నాను. మావారు "ఇప్పుడే వస్తా" అని చెప్పులేసుకుని వెళ్ళారు, చెప్పులు మాత్రం సంచిలో వచ్చాయి. అప్పటినుంచి అక్క ఇంట్లోనే ఉండిపోయాను. అందుకని అక్క పోలేదని, ఇల్లు మారిందని నాకు నేను చెప్పుకున్నాను. మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి ఆటో ఎక్కి వెళ్ళేదాన్ని. సాయంత్రం లేచేటప్పుడు "వెళ్ళొస్తానక్కా" అనేదాన్ని. "వెళ్ళి రా" అనేది. ఆ "రా" కోసమే వెళ్ళేదాన్నేమో.

ఒక్క భయం మాత్రం ఉండేది. నెమరుని ఆపకూడదు. అక్కకంటే ముందు ఒక రిటైరైన స్టేషను మాస్టారుని ఇట్లాగే నిలబెట్టారు. ఎందుకైనా మంచిదని నకలు తీయడానికి ఆయన్ని కాసేపు ఆపారు. తిరిగి నడిపించాక ఆయన మాట్లాడలేదు. అసలూ మాట్లాడలేదు, నకలూ మాట్లాడలేదు. ఆయన కొడుకు మైకు ముందు కూర్చుని "నాన్నా, నాన్నా" అని పిలుస్తూనే ఉన్నాడట. బిందు ఆ వారమంతా ఇంట్లో అన్నం సరిగ్గా తినలేదు. తలుచుకోవడమే ప్రాణం పిన్నీ, అది తెగితే అతకదు, అంది.

"మరి ఆ పెట్టె చెడిపోతే?" అని అడిగాను.

బిందు వంటింట్లోకి వెళ్ళి ఐదు గిన్నెలూ, చింతగింజల డబ్బా తెచ్చింది. నాలుగు గిన్నెల్లో తోచినన్ని గింజలు వేసింది. వాటిని లెక్కపెట్టి, మొత్తం సరిసంఖ్య అయ్యేట్టు చూసి, ఐదో గిన్నెలో ఒక గింజ వేసింది.

"కళ్ళు మూసుకో" అని ఒక గిన్నె బోర్లించింది. "ఇప్పుడు చెప్పు. దీనికింద సరా, బేసా?"

మిగతా నాలుగూ లెక్కపెట్టాను. బేసి వచ్చింది. "బేసి" అన్నాను. ఎత్తి చూపించింది. నిజమే.

"అమ్మ అట్టా ఐదు డిస్కుల మీద పరుచుకుని ఉంది. ఏ ఒక్కటి పోయినా మిగతా నాలుగూ చూసి, పోయినదాంట్లో ఏముందో లెక్కగట్టొచ్చు."

"రెండు బోర్లాపడితే?"

బిందు గింజలు డబ్బాలోకి ఎత్తేసింది. "పడవులే" అంది.

*

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం మామూలుగానే కబుర్లలో పడ్డాం. ఎక్స్ఛేంజీలో అక్క పక్క బోర్డు మీద కూర్చునే ఒకావిడ మాకు గోంగూర పచ్చడి తెచ్చిపెట్టేది. ఆమె పేరు నాకు తట్టలేదు.

"ఆవిడ పేరేందక్కా? మెల్లకన్ను ఉండేది చూడు."

అక్క పేర్లు మర్చిపోయే మనిషి కాదు. ఊళ్ళకి ఊళ్ళ నంబర్లు నోటికి చెప్పిన మనిషి. ఫ్యాన్ల హోరు ఒకటే వినిపించింది.

"నిండుకున్నాయే తోకా" అంది.

"ఏంది నిండుకుంది?"

"లోపల. అడుగుదాకా చెయ్యి పెట్టి చూశాను. నిండుకున్నాయి."

బిందు పక్క బల్ల దగ్గర ఉంది. గబుక్కున లేచి తెర వైపు చూసింది. అక్కడ ఎంత చోటు వాడారో చూపించే పట్టీ చివరిదాకా ఎర్రబడి ఉంది.

"దావీదూ, విన్నావా?" అంది. దావీదు ఆ యంత్రాలు చూసుకునే ఇంజనీరు. పొడుగ్గా ఉంటాడు, తలుపు దగ్గర వంగి నడుస్తాడు. "తన చోటు నిండిందని అమ్మకే తెలుస్తోంది. మనం చెప్పలేదు. మీటరు తను చూడలేదు. లోపలినుంచి తెలుస్తోంది."

బిందు ముఖం వెలిగిపోయింది. అంత సంతోషం దాని ముఖంలో వాళ్ళమ్మ పోయాక చూడలేదు నేను. తనని దాచిన చోటు సంగతి మనసుకే తెలియడం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదట.

"ఆరో డిస్కు పెడదాం మేడమ్" అన్నాడు దావీదు. "పెట్టినాక, ఐదింటి మీదున్న సరుకంతా ఆరింటి మీదకి సర్దాల. సర్దినంతసేపూ పాతయ్యి బాగా పరిగెత్తాల. ముందర వాటిని ఒకసారి పరీక్ష చేసుకుంటే మంచిదేమో."

"అన్నిటికీ పచ్చలైటే ఉందిగా. పోయినసారి పరీక్ష పెడితే అమ్మకి పొద్దుటినించి సాయంత్రందాకా మాట తడబడింది. ఇప్పుడే చోటు చాలక పేర్లు జారిపోతన్నాయి. ఆలస్యం చేస్తే ఇంకేం పోతాయో."

దావీదు తల గోక్కున్నాడు. "సరే అయితే, రేపే పెడదాం" అన్నాడు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు గాని, నాకు నిద్ర పట్టకపోవడం వింతేమీ కాదు.

మర్నాడు పొద్దున బిందుతోపాటే వెళ్ళాను. దావీదు కొత్త డిస్కు సొరుగులోకి తోస్తుండగా సరిగ్గా నాకు తుమ్ము వచ్చింది. ఒకటే.

"ఎవరే తుమ్మింది?" అంది అక్క స్పీకరులోంచి.

"నేనే."

"ఒంటితుమ్మా? ఇంకోటి తుమ్మవే, పుణ్యం ఉంటది."

రాలేదు. కాసేపు ఆగుదామా అన్నట్టు బిందు వైపు చూశాను.

"ఇక్కడ తుమ్ముకి ఆగామంటే ఏ పనీ సాగదు పెద్దమ్మగారూ" అన్నాడు దావీదు. మీట నొక్కాడు. తెర మీద సన్నటి గీత ఒకటి మొదలై, చీమ నడిచినట్టు కదిలింది.

నేను అక్కడ కూర్చోలేకపోయాను. ఆపరేషను గది బయట కూర్చున్నట్టుంది. "వెళ్ళొస్తానక్కా" అన్నాను.

"ఎండగా ఉంది, కొంగు కప్పుకో. వెళ్ళి రా."

*

ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పడేసి, బియ్యం కోసం డబ్బా మూత తీశాను. సోల అడుగున గీసుకుంది. బిందుకి ఫోను చేశాను.

"బియ్యం నిండుకున్నాయే. వచ్చేటప్పుడు పట్రా."

"ఊఁ" అంది ఏదో చూసుకుంటూ. కీబోర్డు మీద టకటక ఆగింది. "పిన్నీ. ఏమన్నావు?"

"బియ్యం నిండుకున్నాయన్నాను. ఈ పూటకి సరిపోతయ్యిలే."

"నిండుకున్నాయంటే అయిపోయాయని కదా."

"మరి? లేవు అంటామా ఇంట్లో? నీకు తెలియందా?"

"తెలుసు" అంది. గొంతు మారిపోయింది. "చిన్నప్పటినించీ వింటూనే ఉన్నా. అమ్మ కూడా అట్టానే కదా అనేది."

"ఇంకెట్టా అంటది? ఉప్పు నిండుకుంది, పప్పు నిండుకుంది, మీ నాన్న మంచంలో ఉన్నప్పుడు సిలిండర్లో ఆక్సిజను అడుగంటితే కూడా..."

ఫోను పెట్టేసింది.

చేతిలో సోల పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. అడుగుదాకా చెయ్యి పెట్టి చూశాను అంది అక్క. నిండిన డబ్బాలో అడుగుదాకా చెయ్యి ఎవరు పెడతారు? మేమందరం ఎర్రపట్టీ చూస్తూ ఆ మాట విన్నాం. అక్క వంటింట్లో నిలబడి చెప్పింది.

పొయ్యి కట్టేసి ఆటో ఎక్కాను.

*

వెళ్ళేసరికి బిందు పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. దావీదు చెవి డిస్కులకి ఆనించి వింటున్నాడు, వైద్యుడు గుండె విన్నట్టు.

"మూడోది ఎప్పుడో పోయింది పెద్దమ్మగారూ" అన్నాడు. "దాన్ని ఏదన్నా అడిగితే పలకటంలా. మిగతా నాలుగూ లెక్కగట్టి దాని జవాబు కూడా అయ్యే ఇస్తన్నాయి. అది ఊపిరితో ఉంది కాబట్టి లైటు మాత్రం పచ్చగానే ఎలుగుతోంది. ఆమెకేమో లోపల చెయ్యి పెడితే ఖాళీ తగులుతోంది."

"ఒక గిన్నె బోర్లాపడింది" అన్నాను.

"ఆఁ. ఇప్పుడు నాలుగోది."

విన్నాను. టిక్కు, టిక్కు, టిక్కు. గోడగడియారంలా కాదు. ఒక టిక్కుకీ ఇంకోదానికీ మధ్య ఎంత ఎడం ఉంటుందో చెప్పలేనట్టు.

"ఐదూ ఒకే పెట్టెలో వచ్చినయ్యి. ఒకే రోజు పనిలోకి దిగినయ్యి. అలిసేదీ ఒకేసారి. నేనన్నా గట్టిగా అడగాల్సింది."

"అడిగావు. నేనే వద్దన్నాను" అంది బిందు. అంతకంటే ఆ సంగతి ఇద్దరూ మాట్లాడలేదు.

సర్దడం ఆపేయమన్నాను. సగం ఇటూ సగం అటూ ఉంది, వెనక్కి రాదన్నాడు. కొత్తది మూడోదాని చోట పెట్టమన్నాను. పెట్టాలంటే నాలుగోదాన్ని మొదటినించి చివరిదాకా చదవాలి, దానికంత ఊపిరి లేదన్నాడు. అంతా కాసేపు ఆపి చూద్దామని ఎవరూ అనలేదు. స్టేషను మాస్టారు గారి పెట్టె ఆ మూల ఇంకా గుడ్డ కప్పి ఉంది.

బిందు లేచి నిలబడింది. "దావీదూ, వచ్చేనెల చేర్చుకోబోయే మనుషుల కోసం తెప్పించిన కొత్త అర ఉంది కదా. దాన్ని పక్కన తగిలించు." తరవాత నావైపు తిరిగింది. "పిన్నీ, మనిషి ఒక సంగతి తలుచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని మళ్ళీ కొత్తగా రాసుకుంటుంది. ఆ రాసేదేదో ఈ కొత్త అరలో రాయిస్తాను. అమ్మ దేన్ని తలుచుకుంటే అది ఇటు దాటుతుంది."

"తలుచుకోనిది?"

"అక్కడే ఉండిపోతుంది."

"ఎంతసేపు ఉంది మనకి?"

టిక్కుమంటున్న డిస్కు వైపు చూపించింది.

*

ఇద్దరం ఒకేసారి మైకు ముందుకి వంగాం. "అక్కా, మన తెనాలి ఇల్లు..." అని నేను, "అమ్మా, నాన్న..." అని అది.

"ఒక్కొక్కళ్ళే మాట్లాడండి" అంది అక్క. "ఉన్నది ఒకటే లైను."

బిందు జరిగిందంతా చెప్పింది. దాచలేదు.

"నిన్ననే చెప్పాను కదే నిండుకున్నాయని" అంది అక్క.

"విన్నానమ్మా. ఇంకోలా విన్నాను."

"సర్లే. ఏడుస్తూ కూర్చుంటే లైను వృథా. ఏం కావాలో అడుగు."

నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. ముందు అది మాట్లాడనీ, తరవాత నేను, అనుకున్నాను.

బిందు వాళ్ళ నాన్న సంగతి అడిగింది. పెళ్ళికి ముందు ఆయన తెనాలి నుంచి ఎవరో చుట్టానికి కాల్ బుక్ చేసి, అవతల ఎవరూ ఎత్తకపోయినా పెట్టేసేవాడు కాదు. పొడిగించమంటారా అంటే పొడిగించండి అనేవాడు. అవతల ఎవరూ లేరు కదండీ అంటే, ఇవతల మీరున్నారు కదండీ అన్నాడు. అక్క అది చెబుతూ నవ్వింది. తెర మీద కొత్త అర దగ్గర ఒక చిన్న పట్టీ పచ్చగా పెరిగింది.

బడికి పోనని బిందు గుమ్మం పట్టుకు వేలాడిన రోజు దాటింది. టైఫాయిడొచ్చి పడుకున్న నెల దాటింది. మెడిసిన్ సీటు వదిలేసి ఈ చదువు చదువుతానంటే అక్క మాట్లాడకుండా ఉన్న రోజులు దాటాయి.

"నన్ను ఒకసారి కొట్టావు, గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు. కంచంలో అన్నం పారేశావు."

"అది కూడా చెప్పమ్మా. ఎక్కడ కొట్టావో చెప్పు."

"వీపు మీద. తరవాత నూనె రాశాను. నువ్వు నిద్రపోతున్నావనుకున్నాను."

"నిద్రపోలేదు" అంది బిందు.

టిక్కుల మధ్య ఎడం పెరిగింది. దావీదు చెయ్యి పైకెత్తి, తొందరగా అన్నట్టు ఆడించాడు. బిందు కళ్ళు తుడుచుకుని కుర్చీలోంచి లేచింది. "పిన్నీ, నువ్వు రా. మీ ఇద్దరివీ ఏం దాటలేదు. త్వరగా."

వెళ్ళి కూర్చున్నాను. గొంతులో ఎన్ని ఉన్నాయో. తెనాలి ఇంట్లో ఇద్దరం ఒక దుప్పట్లో పడుకుని దెయ్యాల కథలు చెప్పుకోవడం. నా పెళ్ళినాడు నా జడ వేస్తూ మధ్యలో తను ఏడవడం. మావారి చెప్పుల సంచి నా చేతిలోంచి తీసుకుని, "ఇక నా దగ్గరే ఉండవే" అనడం. వీటిలో ఏదో ఒక్కటి అడిగితే చాలు, నేను అక్కకి మిగులుతాను.

బిందు నా వెనక నిలబడి ఉంది. దాని చెయ్యి నా భుజం మీద ఉంది. అది పుట్టిన రోజు సంగతి ఇంకా దాటలేదని నాకు తట్టింది. తను ఎట్లా పుట్టిందో తనకి తెలియదు. చెప్పగలిగేది అక్క ఒక్కతే. మా ఇద్దరి సంగతులు అట్లా కాదు. అక్క మర్చిపోయినా అవన్నీ నా దగ్గర ఉన్నాయి. నేనూ ఒక గిన్నెనే.

"అక్కా" అన్నాను. "బిందు పుట్టిన రోజు చెప్పు."

"పిన్నీ, వద్దు" అంది బిందు.

"చెప్పక్కా."

"వాన" అంది అక్క. "పెద్దాసుపత్రిలో కరెంటు లేదు. నర్సు లాంతరు పట్టుకుంది. ఎంతసేపటికీ రాలేదు ఇది. వచ్చాక ఏడవలేదు. నాకు గుండె ఆగిపోయింది. నర్సు కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి ఒక్కటిచ్చింది. అప్పుడు..."

టిక్కు ఒకటి వినిపించింది. దాని తరవాతది వస్తుందని ఎదురుచూస్తున్నాను.

"అప్పుడు ఏడ్చింది. అబ్బ, ఏం గొంతు. వరండాలో ఇంకెవరో కూడా ఏడుస్తున్నారు. లోపల పిల్ల, బయట పిల్ల. బయటి పిల్లని లోపలికి రానీండమ్మా, అది నా..."

దావీదు డిస్కు మీదనుంచి చెయ్యి తీసేశాడు. ఆ తరవాత ఫ్యాన్ల హోరే మిగిలింది.

మేము ముగ్గురం కదల్లేదు. ఎంతసేపో తెలియదు. మొదటిసారి నేను ప్లాట్‌ఫారం దిగి వచ్చేయలేదు. చివరి పెట్టె కనపడకుండా పోయేదాకా నిలబడ్డాను.

స్పీకరు గరగరలాడింది.

"గుంటూరు ట్రంక్స్. నంబరు చెప్పండి."

బిందు నోరు రెండు చేతులతో మూసుకుంది. తరవాత వంగి, "అమ్మా" అంది.

"బిందూ. ఏంటమ్మా ఆ గొంతు? అన్నం తిన్నావా?"

దావీదు గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. బిందు నవ్వుతూ, ఏడుస్తూ, నా చెయ్యి పట్టి మైకు దగ్గరికి లాగింది. రాను రానంటూనే వంగాను.

"అక్కా" అన్నాను.

ఫ్యాన్లు హోరెత్తాయి. లోపల ఎక్కడో చెయ్యి పెట్టి వెతుకుతున్నట్టు.

"ఎవరండీ మాట్లాడేది?" అంది.

పుట్టి బుద్ధెరిగాక మా అక్క నన్ను అండీ అనడం అదే మొదలు.

"రాంగ్ నంబరండీ" అన్నాను. ఇంకేమీ తోచలేదు. ఇంటికి వచ్చి, పొద్దున సగంలో కట్టేసిన పప్పు మళ్ళీ పొయ్యి మీద పెట్టాను.

*

కొన్నాళ్ళు వెళ్ళలేదు. కొత్త అరలో కావలసినంత చోటు ఉందని బిందు చెప్పింది. అమ్మ రోజూ కొంచెం కొంచెం పెరుగుతోందట. ఇప్పుడు నెలకోసారి డిస్కులన్నీ పరీక్షిస్తున్నారు, అమ్మకి మాట తడబడినా సరే. "నువ్వు మా పిన్నివని నేను చెప్పనా?" అని అడిగింది. వద్దన్నాను. చెబితే నమ్ముతుంది. నమ్మడం వేరు, తెలియడం వేరు.

ఒక మధ్యాహ్నం వంటిల్లు సర్దాక, చేతులు ఊరుకోక, ఆటో ఎక్కాను. గాజు తలుపు తీస్తే మామూలుగానే తుమ్ము వచ్చింది. మైకు మీట నొక్కాను.

"గుంటూరు ట్రంక్స్. చెప్పండి."

"నా పేరు కనకవల్లి అండీ. బ్రాడీపేట నుంచి."

"ఎవరు కావాలండీ?"

"ఎవరూ వద్దు. మీతోనే మాట్లాడదామని."

"ఆపరేటరుతో కబుర్లు కుదరవండీ. రూల్సు ఒప్పుకోవు" అంది. కాని లైను తెంపలేదు.

తెనాలిలో ఒక ఇల్లు ఉండేదని చెప్పాను. అందులో ఇద్దరు ఆడపిల్లలు ఒకే దుప్పట్లో పడుకునేవాళ్ళని చెప్పాను. చిన్నది దుప్పటంతా లాగేసుకునేదా అని అడిగింది. అవునన్నాను. చిన్నవాళ్ళంతా అంతేనండీ, అంది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. దెయ్యాల కథలు చెప్పాను. ఆ పైరోజు వాన పడింది, అయినా వెళ్ళాను. పెద్దామెకి ఉద్యోగం వస్తే చిన్నది గేటు దాకా వెంటబడి, గూర్ఖా చేత తరిమించుకున్న సంగతి చెప్పాను.

కొత్త అర మీద పచ్చలైటు వెలిగి ఆరుతోంది. దాన్ని నేను నమ్మను, మాటనే నమ్ముతాను. అందుకని విన్నాను.

"మీరు నిన్న కూడా చేశారు కదూ" అంది చివరికి.

"చేశానండీ."

"మొన్న కూడా చేశారు. ఎవరూ కలవరని తెలిసీ చేస్తారు." ఆగింది. ఆ ఆగడంలో ఏదో లెక్క జరుగుతున్నట్టనిపించింది. ఉన్నవాటిని చూసి లేనిదాన్ని పోల్చుకుంటున్నట్టు. "ఏందమ్మా, తోకలాగా పట్టుకున్నావు నన్ను?"

మైకుకి అడ్డంగా కొంగు పెట్టుకున్నాను.

"లైన్లో ఉన్నారా?" అంది అక్క. "మూడు నిమిషాలు అయినాయండీ. పొడిగించమంటారా?"

"పొడిగించండి" అన్నాను.